నీడకర్ర: పిల్లలతో ఉత్తరాయణ పరిశీలన

డిసెంబరు 21 లేదా 22న నాందేడ్‌లో పగలు సుమారు 11 గంటలే. సూర్యుని ఉత్తర దిశా గమనం నిజానికి ఆనాడే ప్రారంభమవుతుంది. మకర సంక్రాంతి జనవరి 14 లేదా 15న వస్తుంది. భూమి అక్షం శతాబ్దాలుగా మెల్లగా దిశ మారడం వలన ఈ ఎడం ఏర్పడింది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల పిల్లలు దీనిని తమ వాకిట్లోనే కొలవవచ్చు.

నేలపైన మీటరు ఎత్తు ఉండేలా కర్రను పాతి, రాయి కట్టిన దారంతో నిలువు సరిచూడాలి. మధ్యాహ్నం 12 నుండి 12.45 వరకు అయిదేసి నిమిషాలకు నీడ కొనవద్ద గులకరాయి ఉంచాలి. కర్రకు అతి దగ్గరి రాయి వరకు గల దూరమే ఆనాటి కొలత. ఆ దిశయే ఉత్తరం. నాందేడ్‌లో అది సుమారు 92 సెంటీమీటర్లు. కర్రను కదల్చక సంక్రాంతినాడు మరల కొలిస్తే సుమారు 85 వస్తుంది. తగ్గిన ఆ ఏడు సెంటీమీటర్లే సూర్యుడు ఉత్తరానికి మరలినాడనడానికి సాక్ష్యం. పిల్లలు నీడనే చూడాలి. సూర్యుని వైపు చూడరాదు.