తంతి తీగ నుంచి సెల్‌ఫోను దాకా



మన సామల్పట్టి మీదుగా పోయే రైలుమార్గం చాలా పాతది. మద్రాసు నుంచి పడమటి తీరంలోని బేపూరు వరకు ఈ దారి 1862 నాటికే పూర్తయింది. రైలుదారి వెంబడే కంబాలు, కంబాల మీద తంతి తీగలు వచ్చాయి. తమిళంలో 'తంది' అన్నా, తెలుగులో 'తంతి' అన్నా మాట ఒకటే. ఇంటికి తంతి వచ్చిందంటే విప్పి చదివేదాకా గుండె దడే.

ఆ తీగతో పాటు మన దేశంలోకి రెండు ప్రశ్నలు కూడా వచ్చాయి. తీగ ఎవరి చేతిలో ఉండాలి? దాని మీద పోయే మాటను మూడోమనిషి వినవచ్చునా? ఈనాడు టెలికాం పోటీ అనీ, భద్రత అనీ పెద్ద పెద్ద మాటలు వింటున్నాం. వాటి మూలం ఈ రెండు ప్రశ్నలే.

1857 తిరుగుబాటు కాలంలో తంతి తమకెంత అక్కరకు వచ్చిందో ఆంగ్లేయులు మరచిపోలేదు. 1885లో వారు భారత టెలిగ్రాఫ్ చట్టం చేశారు. దాని నాలుగో సెక్షను ప్రకారం తంతి నడిపే హక్కు సర్కారుది మాత్రమే. ఇతరులు నడపాలంటే సర్కారు లైసెన్సు ఇవ్వాలి. ఐదో సెక్షను ప్రకారం అత్యవసర పరిస్థితిలోనో, ప్రజల భద్రత కోసమో సర్కారు ఏ వార్తనైనా ఆపవచ్చు, చూడవచ్చు. దొరలు వెళ్లిపోయారు గాని చట్టం ఉండిపోయింది. మార్పులు చేసుకుంటూ దానినే మనమూ వాడుకున్నాం.

స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం ఫోను అంటే ప్రభుత్వ శాఖే. తీగ లాగేదీ, ధర కట్టేదీ, ఫిర్యాదు వినేదీ ఆ శాఖే. కృష్ణగిరి మామిడి వ్యాపారి చిత్తూరుతో ధర మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి కాచుకొని కూర్చునేవాడు. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడింది. ఏసీ గది అక్కర లేకుండా పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్‌ఛేంజిని అది తయారు చేసింది. దానితో పల్లెలకు ఫోను దగ్గరైంది. బజారులో ఎస్.టి.డి. బూతులు వెలిశాయి.

1994 విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఫోను నడిపే శాఖే పోటీదారులకు లైసెన్సులూ ఇస్తుంది, వారితో తగవు వస్తే తీర్పూ చెబుతుంది. తగవులో ఉన్నవాడే పెద్దమనిషిగా రచ్చబండ మీద కూర్చుంటే న్యాయం ఎలా జరుగుతుంది? అందుకే 1997లో ట్రాయ్ అనే నియంత్రణ సంస్థను నెలకొల్పారు. 2000లో తగవులు తీర్చడానికి వేరే ట్రిబ్యునల్ వచ్చింది. అదే ఏడు అక్టోబరు 1న ప్రభుత్వ ఫోను సేవ బి.ఎస్.ఎన్.ఎల్. కంపెనీగా విడిపోయింది.

ఈ మార్పు ఫలం మన చేతికి అందింది. 2003 మే నుంచి సెల్‌ఫోనుకు వచ్చే కాల్‌కు డబ్బు కట్టే పని తప్పింది. అయితే సరిహద్దు వాళ్లం గనుక మనకు మరో కష్టం మిగిలింది. లైసెన్సులు సర్కిళ్లుగా ఇచ్చారు. సర్కిళ్లు చాలావరకు రాష్ట్రాల ఎల్లలనే పట్టి వచ్చాయి. హోసూరు వారికి మూడువందల కిలోమీటర్లు దాటిన మదురై సొంత సర్కిలు, నలభై కిలోమీటర్ల బెంగళూరు పరాయి సర్కిలు. ఇటు కుప్పం ఆంధ్రలో చేరింది. మన చుట్టరికాలూ సంతలూ మూడు రాష్ట్రాల్లో ఉంటే, ఎల్ల దాటిన ప్రతిసారీ రోమింగు రుసుము. టవరుకు మాత్రం ఎల్ల తెలియదు. పొలిమేర ఊళ్లలో ఇంట్లో కూర్చున్నా పక్క రాష్ట్రపు సిగ్నల్ అందుకునే ఫోన్లు ఉండేవి. 2015లో ట్రాయ్ రోమింగు ధరల గరిష్ఠ పరిమితిని తగ్గించింది. 2016లో జియో వచ్చాక పోటీ ముదిరి ఆ రుసుము క్రమంగా మాసిపోయింది.

పోటీకి రెండో ముఖం కూడా చూశాం. తమిళనాట పుట్టి పెరిగిన ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. సిగ్నల్ పోయి లక్షలాదిమంది అల్లాడారు. అయినా 2011లో దేశమంతటా అమలైన నంబరు మార్పిడి హక్కు ఉండబట్టి పాత నంబరుతోనే వేరే కంపెనీకి మారగలిగారు. ఒకప్పుడు పదికి పైగా ఉన్న కంపెనీలు నేడు మూడు ప్రైవేటువి, బి.ఎస్.ఎన్.ఎల్. మాత్రమే. పోటీ వస్తే చాలదు, దానిని నిలబెట్టేందుకు కాపలా కావాలి.

ఇక రెండో ప్రశ్న. మన పొరుగున కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే 1988 ఆగస్టులో ఫోన్లు దొంగచాటుగా విన్నారన్న ఆరోపణల మధ్య రాజీనామా చేశారు. తర్వాత నాయకుల ఫోన్ల మీద సి.బి.ఐ. నివేదిక ఒకటి పత్రికకెక్కింది. పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. ఫోను సంభాషణ మనిషి ఆంతరంగిక జీవితంలో భాగం. వినాలంటే హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది. పొడిగించినా ఆరు నెలలు దాటరాదు. సమీక్షా సంఘం దానిని పరిశీలించాలి. 1885 చట్టానికి కళ్లెం పడటానికి నూట పదకొండేళ్లు పట్టిందన్నమాట. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

పాత చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. 2024 జూన్ నుంచి దాని సెక్షన్లు దఫాలుగా అమలులోకి వచ్చాయి. వినే అధికారం అందులోనూ ఉంది. ఉత్తర్వు ఇచ్చేది ఇప్పటికీ అధికారే, జడ్జి కాదు. దొంగనూ ఉగ్రవాదినీ పట్టాలంటే ఆ అధికారం కావాలి, కాదనలేం. కాని ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్న లెక్క కూడా ఉండాలి. 2021 నుంచి నెట్‌వర్కు యంత్రాలను నమ్మదగిన చోటు నుంచే కొనాలన్న నియమం ఉంది. యంత్రానికి అడిగే నమ్మకాన్ని అధికారికీ అడగడం తప్పుకాదు.

ఇప్పుడు తీగ స్థానంలో ఇంటర్నెట్ వచ్చింది. దారి వేసినవాడే ఏ సరుకు పోవాలో నిర్ణయించరాదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో గూగుల్ తన బలాన్ని దుర్వినియోగం చేసిందని పోటీ కమిషన్ 2022 అక్టోబరులో 1,337 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. రచ్చబండ మారింది గాని తగవు పాతదే.

ఇందులో మన పని కూడా కొంత ఉంది. ఒక మనిషి పేర సాధారణంగా తొమ్మిదికి మించి సిమ్‌లు ఉండరాదు. మన పేర ఎన్ని ఉన్నాయో సర్కారు వారి సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మనకు తెలియని నంబరు కనబడితే అక్కడే చెప్పవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లకు ఈ ఒక్క పని చేసిపెడితే చాలు, మన పేరుతో మరొకడు మోసం చేసే దారి కొంతైనా మూసుకుపోతుంది.