చేతికి తగిలే చోటు

1954లో జంషెడ్‌పూర్‌లోని టెల్కో, జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటికి టెల్కో వయసు తొమ్మిదేళ్లు. 1945లో ఈస్టిండియన్ రైల్వే వారి సింగ్‌భూమ్ వర్క్‌షాపును తీసుకుని, ఆవిరి రైలింజన్ల తయారీ కోసం టాటాలు స్థాపించిన కంపెనీ అది. ఒప్పందం కుదిరిన ఏడాదిలోనే మొదటి లారీ ఫ్యాక్టరీ గేటు దాటింది. దాని ముందుభాగాన డైమ్లర్-బెంజ్ కార్ల గుర్తైన మెర్సిడెస్ నక్షత్రం ఉంది. 1969లో ఒప్పందం ముగిసేదాకా జంషెడ్‌పూర్ లారీల మీద ఆ నక్షత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత దాని స్థానంలోకి టాటాల 'టి' గుర్తు వచ్చింది.

శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వెళ్లి అక్కడే స్థిరపడి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్న తెలుగు కుటుంబాలకూ, కోస్తా జిల్లాల్లో బియ్యం, పొగాకు తోలిన లారీ యజమానులకూ ఆ నక్షత్రం ముందుగా తెలిసింది బరువు మోసే బండిగానే. అదే నక్షత్రం డైమ్లర్-బెంజ్ సొంత ఊరైన స్టుట్‌గార్ట్‌లో విలాసానికి గుర్తుగా నిలిచిన సంగతి మన దేశంలో చాలామందికి చాలాకాలం విన్నమాటే తప్ప కన్నది కాదు. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా ఉద్దేశం. ఖరీదైన కార్లు కొత్త రూపం దాల్చిన ప్రతిసారీ లోపలి నాణ్యత ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్నకు సగం జవాబు స్టుట్‌గార్ట్‌లో దొరికితే, మిగతా సగం జంషెడ్‌పూర్‌లో దొరుకుతుంది.

స్టుట్‌గార్ట్ వారి పాత పద్ధతి గురించి ముందు చెప్పాలి. 1976లో వచ్చిన డబ్ల్యు123, 1984లో దాని వారసురాలిగా వచ్చిన డబ్ల్యు124 కార్ల లోపల ఆడంబరం తక్కువ. సీటు కింద ఉక్కు స్ప్రింగులు, వాటి మీద రబ్బరు పట్టించిన పీచు పొర, ఆ పైన గుడ్డో, తోలో, ఎంబీ-టెక్స్ అనే వినైలో ఉండేది. తోలు కంటే ఆ వినైలే ఎక్కువకాలం మన్నిందని, టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండ్లు రుజువు చేశాయి. స్విచ్చు నొక్కితే వేలికి ఒక స్పష్టమైన బరువు తెలిసేది. తలుపు పలక కింది అంచును, ఎవరూ చూడని చోటును, పై అంచు మీద ఎంత శ్రద్ధ పెట్టారో అంత శ్రద్ధతోనే చేసేవారు. బ్రూనో సాకో నాయకత్వంలోని డిజైన్ విభాగం ఒక నమూనా ముందటి నమూనాను వెలవెలబోయేలా చేయకూడదన్న నియమం పాటించింది. కారు ఎలా ఉండాలో ఇంజనీర్లు ముందు తేల్చేవారు, ఖర్చు తర్వాత లెక్క కట్టేవారు, లాభం కలిపి ధర చెప్పేవారు.

ఆ వరసకు పతాకస్థాయి 1991లో వచ్చిన డబ్ల్యు140 ఎస్-క్లాస్. దాని కిటికీలకు రెండు పొరల అద్దాలుండేవి. సరిగ్గా వేయని తలుపును కారు తనంతట తానే మెల్లగా లాక్కునేది. తయారీకి అనుకున్నదానికి మించి డబ్బు, కాలం పట్టాయి. అంతలో పోటీ వచ్చిపడింది. 1989లో టయోటా తెచ్చిన లెక్సస్ ఎల్ఎస్400 అమెరికాలో 35,000 డాలర్ల ప్రారంభ ధరతో, మెర్సిడెస్ కంటే ఎంతో చౌకగా, అంతే నిశ్శబ్దంగా నడిచింది. 1993లో డైమ్లర్-బెంజ్ అమెరికా లెక్కల పద్ధతిలో దాదాపు 180 కోట్ల మార్కుల నష్టం చూపించాల్సి వచ్చింది. ఆ ఏడాదే మెర్సిడెస్ పగ్గాలు అందుకున్న హెల్ముట్ వెర్నర్ హయాంలో లెక్క తలకిందులైంది. కొనేవాడు ఎంత ఇస్తాడో ముందు తేల్చాలి, అందులోంచి లాభం తీసేయాలి, మిగిలిన సొమ్ములో కారు తయారు చేయాలి.

ఈ మార్పు లోపలి భాగాల మీదే ఎక్కువగా పడటానికి కారణం ఉంది. ఇంజను శక్తి, ఇంధన వినియోగం, ప్రమాద పరీక్షల ఫలితాలు అంకెల్లో బయటపడతాయి, పత్రికలు వాటిని పట్టికలుగా వేస్తాయి. చట్టాలు కూడా వాటినే అడుగుతాయి. గ్లవ్ బాక్స్ మూత ఎంత మెత్తగా తెరుచుకుంటుందో, పదేళ్ల తర్వాత డాష్‌బోర్డు కిర్రుమంటుందో లేదో ఏ పట్టికలోనూ ఉండదు. కాబట్టి ఖర్చు తగ్గించమన్న ఆదేశం వచ్చినప్పుడల్లా కత్తెర అక్కడికే వెళ్లింది. 1995లో వచ్చిన డబ్ల్యు210 ఇ-క్లాస్ గుండ్రటి నాలుగు దీపాలతో కొత్తగా కనిపించింది. కొన్నేళ్లలోనే దాని రేకు తుప్పు పట్టి, సంస్థ పేరుకే మచ్చ తెచ్చింది. 1998లో వచ్చిన డబ్ల్యు220 ఎస్-క్లాస్ తన ముందటి కారు కంటే పొట్టిది, వందల కిలోలు తేలిక. లోపల ప్లాస్టిక్ పలచబడింది. బొత్తాల మీది పైపూత అరిగిపోయింది.

పైపూత సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, మన ఎండలకు అది మరీ సంబంధించిన విషయం. ఆ రోజుల్లో ఐరోపా కంపెనీలు గట్టి ప్లాస్టిక్ మీద రబ్బరులా మెత్తగా తగిలే పాలీయూరితేన్ పూత వేయడం మొదలుపెట్టాయి. షోరూములో వేలు పెట్టి చూస్తే ఖరీదైన వస్తువు అనిపిస్తుంది. కానీ గాలిలోని తేమ, వేడి కలిసి ఆ పూతలోని బంధాలను ఏళ్ల తరబడి విడగొడతాయి. చివరికి అది జిగురై చేతికి అంటుకుంటుంది. అసలు మెత్తటి పదార్థం వాడటానికీ, మెత్తదనాన్ని పూతగా పూయడానికీ మధ్య తేడా మొదటి ఏడాది ఎవరికీ తెలియదు. ఎనిమిదో ఏట అందరికీ తెలుస్తుంది.

మిగిల్చిన డబ్బంతా లాభంలోకే పోయిందనడం న్యాయం కాదు. డబ్ల్యు220లో ముందుబండికి దూరాన్ని రాడార్‌తో కొలిచి వేగాన్ని సర్దుకునే డిస్ట్రానిక్ వచ్చింది, గాలి సస్పెన్షన్ వచ్చింది, పక్క కిటికీలకు అడ్డుగా తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. మనుషుల ప్రాణాలు కాపాడే పరికరాల కోసం తలుపు పలకలో కొంత వదులుకోవడం అర్థం చేసుకోదగిన నిర్ణయమే. అయితే 1998లో క్రైస్లర్‌తో విలీనం తర్వాత ఖర్చు తగ్గింపు ఆ హద్దులు కూడా దాటింది. 2005 వసంతంలో బ్రేకు, విద్యుత్ లోపాల కారణంగా 13 లక్షల మెర్సిడెస్ కార్లను సంస్థ వెనక్కి పిలవాల్సి వచ్చింది. పదార్థం దగ్గర మొదలైన పొదుపు పనితనం దాకా పాకింది.

నా దృష్టిలో అసలు కారణం ఇంకొకటి. ఐరోపా, అమెరికాల్లో ఖరీదైన కార్లలో పెద్ద భాగం లీజు మీద పోతాయి. మొదటి వ్యక్తి మూడేళ్లు నడిపి తిరిగి ఇచ్చేస్తాడు. తయారీదారుడికి డబ్బిచ్చేది అతనే, పదార్థం ముసలితనాన్ని చూసేవాడు మాత్రం అతను కాదు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ సీట్లో కూర్చునేవారికి డిజైన్ గదిలో మాట చెల్లదు. అందుకే మూడేళ్లు మెరిసేది మిగిలింది, పదిహేనేళ్లు మన్నేది పోయింది.

డైమ్లర్-బెంజ్, టాటాల బంధం స్టుట్‌గార్ట్‌లో లెక్క తలకిందులైన ఈ మలుపు మధ్యలోనే మళ్లీ చిగురించింది. 1994లో ఉమ్మడి సంస్థగా ఏర్పడిన మెర్సిడెస్-బెంజ్ ఇండియా, 1995లో పుణేలోని టెల్కో ప్రాంగణంలో ఇ-క్లాస్ బిగింపు మొదలుపెట్టింది. భారత మార్కెట్టుకు వచ్చింది డబ్ల్యు124. అదే ఏడాది జర్మనీలో దాని స్థానంలోకి డబ్ల్యు210 వచ్చింది. వెళ్లిపోతున్న నమూనాను మనకు అంటగట్టారని అప్పట్లో అసంతృప్తి వినిపించింది. ఈ రోజు పాత కార్లు దాచుకునేవారు ఆ రెండింటిలో దేన్ని వెతుక్కుంటున్నారో చూస్తే, మనకు దక్కింది మేలైనదే.

2008 జూన్ 2న టాటా మోటార్స్ (టెల్కో కొత్త పేరు), ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 230 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. జంషెడ్‌పూర్‌లో పుట్టిన కంపెనీ ఇప్పుడు తానే విలాసాల కార్ల యజమాని అయింది. 1989లో జాగ్వార్‌ను కొన్న ఫోర్డ్, 2001లో ఎక్స్-టైప్‌ను తన మోండియో కారు పునాది మీద తయారు చేసి విమర్శలు మూటగట్టుకుంది. ఆ పాఠం నేర్చుకున్నాక, ఇయాన్ క్యాలమ్ డిజైన్ బృందం ఫోర్డ్ చివరి రోజుల్లో రూపొందించిన ఎక్స్ఎఫ్ 2007లో బయటికొచ్చింది. ఇంజను మీట నొక్కగానే గేరు మార్చే గుండ్రటి చక్రం కన్సోల్‌లోంచి పైకి లేచేది. మూసి ఉన్న గాలి ద్వారాలు తిరిగి తెరుచుకునేవి. అల్యూమినియం, చెక్క పలకల కూర్పులో కొత్తదనం ఉంది. ఒక కారు లోపలికి అడుగుపెట్టినవారిని అలా పలకరించవచ్చని అంతకుముందు ఎవరూ అంత చక్కగా చూపలేదు.

2015లో టాటాల హయాంలో రెండో తరం ఎక్స్ఎఫ్ వచ్చింది. శరీరం నిర్మాణంలో మూడొంతులు అల్యూమినియమే. బరువు బాగా తగ్గింది. నడకలో అది తన తరగతిలో మేటి అని బ్రిటిష్ సమీక్షకులు ఒప్పుకున్నారు. లోపల మాత్రం మధ్యనున్న గాలి ద్వారాలు మామూలువైపోయాయి, తిరిగేవి రెండు చివర్లకే పరిమితమయ్యాయి. డాష్‌బోర్డు చిన్న కారైన ఎక్స్ఇకి దగ్గరి చుట్టమైంది. గట్టి ప్లాస్టిక్ గురించీ, జర్మన్ పోటీదారులతో పోల్చితే తక్కువైన నాణ్యత గురించీ దాదాపు ప్రతి సమీక్షలోనూ ఫిర్యాదు ఉంది. అల్యూమినియం శరీరానికి పెట్టిన ఖర్చు లోపలి గదినుంచి రాబట్టారని నేను అనుకుంటున్నాను. ఇంజనీర్లు గర్వపడదగిన కారును కొన్నవాళ్లు రోజూ ముట్టుకునేచోట నిరాశపరిచింది. 2020లో సంస్థ ఆ తప్పు దిద్దింది. కొత్త డాష్‌బోర్డు, మెరుగైన తోలు, 11.4 అంగుళాల వంపు తెర, నిజంగానే మేలైన పనితనం వచ్చాయి. అప్పటికి సెడాన్లు కొనేవారు ఎస్‌యూవీలవైపు మళ్లిపోయారు. 2024లో ఎక్స్ఇ, ఎక్స్ఎఫ్‌ల తయారీ ఆగిపోయింది.

ఆ తర్వాతి దశ తెరలది. 2021లో మెర్సిడెస్ తన విద్యుత్ కారు ఇక్యూఎస్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి 141 సెంటీమీటర్ల గాజు పరిచింది. ఒక స్విచ్చుకు అచ్చు కావాలి, స్ప్రింగు కావాలి, వైరు కావాలి, మన్నిక పరీక్ష కావాలి. యాభై స్విచ్చుల పనిని ఒకే తెర చేస్తే ఆ ఖర్చంతా పోతుంది. కొనేవాడికి అది పొదుపులా కనిపించదు, పురోగతిలా కనిపిస్తుంది. వేలిముద్రలు, గీతలు పడే నల్లటి మెరుపు ప్లాస్టిక్‌తో కూడా ఇదే వ్యవహారం. ఎదురుదెబ్బ భద్రత వైపు నుంచి వచ్చింది. 2026 నుంచి ఇండికేటర్, హెచ్చరిక దీపాలు, హారన్, వైపర్, అత్యవసర పిలుపు వంటివాటికి విడి మీటలు, బొత్తాలు ఉంటేనే పూర్తి మార్కులిస్తామని ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ ప్రకటించింది. చేతికి తగిలే స్విచ్చు సుఖానికే కాదు, రోడ్డు మీద చూపు నిలపడానికీ అవసరమని ఒక భద్రతా పరీక్ష ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఇక జంషెడ్‌పూర్. ఇక్కడి కథ సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. దశాబ్దాల పాటు ఇక్కడి ఫ్యాక్టరీ నుంచి చాలా లారీలు కేబిన్ లేకుండానే బయటికొచ్చేవి. ఇంజను, చట్రం, చక్రాలు, ముందు బోనెట్ వంటి కౌల్, స్టీరింగు మాత్రమే. వాటిని కొనుగోలుదారుడి ఊరికి నడిపించే డ్రైవర్లు చెక్కపలక మీద కూర్చుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, బహరాగోడా మీదుగా ఒడిశా తీరం వెంట వందల కిలోమీటర్లు ఎండకూ వానకూ దిగివచ్చేవారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, తమిళనాడులోని నామక్కల్‌లోనో వడ్రంగులు, వెల్డర్లు, పెయింటర్లు ఆ అస్థిపంజరానికి కేబిన్ కట్టేవారు. కలప చట్రం, రేకు, రెగ్జిన్ సీటు, వెనక పడుకోవడానికి బల్ల, అద్దం పైన దేవుడి పటానికి గూడు, రంగుల పువ్వులు. ఆ పనివారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంజను వేడి ఆ కేబిన్‌లోకే కొట్టేది, ప్రమాదం జరిగితే కలప చట్రం డ్రైవరును కాపాడలేకపోయేది.

ఇక్కడా సూత్రం అదే. లారీ కొనేది యజమాని, అందులో బతికేది డ్రైవరు. డబ్బిచ్చేవాడు వేరు, కూర్చునేవాడు వేరు అయినంతకాలం కేబిన్‌కు విలువ రాలేదు. మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 2004లో దక్షిణ కొరియాలోని డేవూ లారీ సంస్థను కొన్నాక, టాటా మోటార్స్ 2009లో ప్రపంచ మార్కెట్ల కోసం ప్రైమా శ్రేణిని తెచ్చింది. దాని కేబిన్ రూపకల్పన ఇటలీలో జరిగింది, లారీ తయారైంది జంషెడ్‌పూర్‌లో. రెండో ఒత్తిడి డ్రైవర్ల కొరత. కొడుకును స్టీరింగు దగ్గరికి పంపడానికి ఇష్టపడని డ్రైవర్లు దేశమంతటా పెరిగారు, బండ్లున్నా నడిపేవాళ్లు దొరకని యజమానులు మొదటిసారి సీటు గురించి ఆలోచించారు.

మిగిలిన పని చట్టం చేసింది. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. ఆ గడువుకు కొన్ని నెలల ముందే టాటా మోటార్స్ తన లారీల శ్రేణికి ఫ్యాక్టరీలోనే ఏసీ అమర్చడం మొదలుపెట్టి, కౌల్ నమూనాలను కూడా అందులో చేర్చింది. ఆటోనగర్ బాడీ బిల్డరు ఇకమీదట కేబిన్ కట్టేటప్పుడు గాలి బయటికి పోకుండా సందులు మూయాలి, వేడిని ఆపే పొర వేయాలి, తలుపు రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. డబ్ల్యు124 తలుపు దగ్గర స్టుట్‌గార్ట్ పనివాళ్లు ఒకప్పుడు పట్టించుకున్న పనులే అవి.