మనతో అయ్యే పనేనా?

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఏదైనా కొత్త పని చెప్పి చూడండి, ముందు వచ్చే ప్రశ్న ఇదే: "అది మనతో అయ్యే పనేనా?" దీన్ని సోమరితనం అనేవాళ్లంటే నాకు కోపం. ఎండిన చెనిక్కాయ చేలు, నీళ్లు పడని బోర్లు ఏళ్ల తరబడి నేర్పిన మాట అది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో ఈ ప్రశ్న దగ్గరే ఆగాడు. మేలేదో తెలిసినంత మాత్రాన మనిషి మారడు, 'నేను చేయగలను' అన్న నమ్మకం కుదరాలన్నాడు. తాను చేసి నెగ్గితే ఆ నమ్మకం గట్టిగా నిలుస్తుంది. తనలాంటివాళ్లు చేయగా చూసినా పుడుతుంది. ఎవరో చెబితే కలిగింది మాత్రం తొందరగా సడలిపోతుంది.

మన దగ్గర జరిగిందీ అదే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఒక ఊరు చేసింది చూసి మరో ఊరు లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు, కానీ ఆ ఆడవాళ్లు మొదలుపెట్టిన పొదుపు ఆగలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాలు ఎందరికో చూసి నేర్చుకునే చోటయ్యాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది భూగర్భజలాల కథ. 2003 తర్వాత కడప, కర్నూలుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు. వానను కొలిచి రాసిపెట్టారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పైరు తాగేదెంత అని లెక్క వేశారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు, మానినవాళ్లకు డబ్బులూ ఇవ్వలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గింది. అంతకుముందు భూమి లోపలి నీళ్లు దైవాధీనం. టేపు తన చేతికి వచ్చాక రైతుకు అది తన లెక్కలోని సంగతైంది.

ఈ నమ్మకం ఎప్పుడూ మేలే చేస్తుందనలేం. పక్కింటామె కువైట్ పోయి ఇల్లు కట్టిందని చూసి బయల్దేరిన రాయచోటి ఆడవాళ్లలో అక్కడ జీతాలందక అవస్థపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్ల ధైర్యానికి తోడుగా చట్టం నిలబడాల్సింది.

నీళ్ల సంగతిలోనూ ఒక్కడి నమ్మకం చాలదు. నేను వరి మానితే మిగిలిన నీళ్లను పక్కచేను మోటరు లాగేస్తుంది. మనమందరం కలిస్తే చేయగలమన్న నమ్మకం గురించి బాండూరా తర్వాతి కాలంలో విడిగా రాశాడు. నీళ్ల లెక్కను రైతులు ఇంట్లో కాక ఊరందరి ఎదుట వేసుకున్నది అందుకే.