గాల్ గళ్ళ నుంచి షోలాపూర్ చద్దరు దాకా

షోలాపూర్ తూర్పు పేటల్లో ఏ సందులో నిలబడ్డా మరమగ్గాల చప్పుడే. ఆ చప్పుడు మధ్య తెలుగు మాటలు. కరువుకో, కూలికో నిజాం రాజ్యంలోని తెలంగాణ ఊళ్ళు విడిచి తరతరాలుగా ఇక్కడికి చేరిన పద్మశాలీల పేటలివి. 1877లో ఈ ఊళ్ళో తొలి బట్టల మిల్లు వెలిసింది. మార్కండేయుణ్ణి కొలిచే ఈ సాలెల చేతిలోనే షోలాపూర్ చద్దరు దేశమంతా పేరు తెచ్చుకుంది. మగ్గం నెత్తిన, బొమ్మను నేయించే జకార్డు యంత్రపు చిల్లుల అట్టల దండ తిరుగుతుంటే చూసినప్పుడల్లా నాకు గాల్ జనం గుర్తొస్తారు.

ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియం, ఉత్తర ఇటలీ నేలల్లో రెండు వేల ఏళ్ళ కిందట బతికిన కెల్టిక్ తెగలే గాల్‌లు. క్రీ.పూ. 58 నుంచి 50 దాకా సాగిన యుద్ధాల్లో రోమన్ సేనాని జూలియస్ సీజర్ వాళ్ళ దేశంలో చాలా భాగాన్ని గెలిచాడు. వాళ్ళ గురించి మనకు తెలిసింది ఎక్కువగా పరాయివాళ్ళు రాసిందే. అయినా బట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ పరాయివాళ్ళ కళ్ళు కూడా ఆగిపోయాయి. రంగురంగుల అంగీలు, కాళ్ళకు లాగులు, భుజాన గళ్ళ దుప్పటి, అదీ చలికాలానికి మందంది, వేసవికి పలచనిది అని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ వర్ణించాడు. ఏ నేత ఎక్కడ పుట్టిందో చెబుతూ రోమన్ పండితుడు ప్లినీ గళ్ళ నేతను గాల్ ఖాతాలో వేశాడు. గాల్, గళ్ళు అని పేర్లు కలవడం కేవలం కాకతాళీయం. నేత మాత్రం నిజం. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పు గనుల్లో, కెల్టుల పూర్వీకులవని భావించే గళ్ళ బట్ట ముక్కలు ఉప్పు పుణ్యాన చెక్కుచెదరకుండా దొరికాయి.

గెలిచినవాళ్ళు కూడా గాల్‌ల బట్ట కప్పుకున్నారు. రోమన్ చక్రవర్తి కారకల్లాకు ఆ పేరు గాల్‌ల ముసుగు అంగీ వల్లే వచ్చింది. ఆయన క్రీ.శ. 188లో పుట్టిన ఊరు లుగ్దూనుమ్. ‘దూనుమ్’ అంటే గాల్ భాషలో కోట. ఆ ఊరే తర్వాత లియోన్ అయింది, పట్టు నేతకు పెట్టింది పేరయింది.

1752లో ఆ లియోన్‌లోనే ఒక సాలె ఇంట జోసెఫ్ మరీ జకార్డ్ పుట్టాడు. అప్పట్లో పట్టులో పువ్వు తీయాలంటే నేసేవాడి పక్కన మరో మనిషి, చాలాసార్లు ఒక పిల్లవాడు, రోజంతా తాళ్ళు లాగుతూ ఉండాలి. ఈ పనిని మగ్గానికే అప్పగించాలని బూషోన్ అనే ఆయన 1725లో చిల్లుల కాగితం ప్రయత్నించాడు. ఫాల్కన్ అనే మరొకాయన దాన్ని అట్టలుగా మార్చాడు. తర్వాత వోకాన్సన్ అనే ఆయన ఇంకో అడుగు వేశాడు. వీళ్ళందరి పనినీ కలిపి 1804 నాటికి జకార్డ్ ఒక యంత్రం కుదిర్చాడు. అట్టకు చిల్లు ఉంటే సూది అందులోకి దూరుతుంది, కొక్కెం లేస్తుంది, దాంతోపాటు పడుగు పోగు లేస్తుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. బొమ్మ మొత్తం చిల్లుల్లోనే ఉంది! తాళ్ళు లాగే ఆ పిల్లల చాకిరీకి విముక్తి దొరకడమే నాకు ఇందులో అన్నిటికన్నా పెద్ద సంగతి. ఈ చిల్లుల అట్టల ఆలోచననే గణితవేత్త ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు.

ఆ జకార్డే షోలాపూర్ మగ్గాల మీదికెక్కింది. పువ్వులు, నెమళ్ళు, రెండు వైపులా కప్పుకోగల మందపు నూలు చద్దరు, చివరికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చాయి. ఇప్పుడు కొన్నిచోట్ల అట్టల బదులు కంప్యూటర్ జకార్డులు వస్తున్నాయి. అట్టలున్న చోట ఒక్క చిల్లు తప్పు పడినా, ప్రతి నెమలికీ అదే చోట ఈక తెగుతుంది. అప్పుడు సాలె మగ్గం ఆపి, ఆ దండలో తప్పు చేసిన ఒక్క అట్ట కోసం వేళ్ళతో తడుముతూ పోతాడు.