తవెర్నియే చూసిన హైదరాబాదు: పాత వంతెన, కొత్త మసీదు

17వ శతాబ్ది మధ్యకాలంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వజ్రవ్యాపారి తవెర్నియే, హైదరాబాదులోని పాత, కొత్త కట్టడాలను రెండు తీరులుగా చూశాడు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీనదిపై కట్టించిన పురానాపూల్ అందంలో పారిస్‌లోని పోంనఫ్ వంతెనకు దాదాపు సాటి అని మెచ్చుకున్నాడు. అప్పటికింకా నిర్మాణంలోనే ఉన్న మక్కా మసీదు వద్ద మాత్రం ఆయన దృష్టి శ్రమ వైపు మళ్లింది. ప్రార్థనాస్థానపు ఏకశిలను గని నుండి తీయడానికి 500 నుండి 600 మంది అయిదేళ్లు పనిచేశారనీ, దానిని లాగడానికి 1400 ఎడ్లను పూన్చినట్లు స్థానికులు చెప్పారనీ 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో రాశాడు. మసీదు 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. పూర్తయిన కట్టడం పాలకుల పేర్లను నిలిపింది. అసంపూర్ణ దశను చూసిన పరదేశి రాత, పేరులేని శ్రామికుల ఉనికిని నిలిపింది. వాస్తుచరిత్రకు యాత్రాకథనాలు ఆధారాలయ్యేది ఇందువల్లనే.