ఒకే మాట, పలు భావాలు: కృష్ణా, గుండ్లకమ్మ తీరాల దైవభావన

‘దేవుడు’ అనే మాట తెలుగువారందరి సొత్తు. ప్రత్తి చేలో రైతు, మిర్చి కల్లంలో కూలీ, మసీదులో ఇమాము, చర్చిలో పాస్టరు అందరూ ఆ మాటే వాడతారు. మాట ఒకటైనంత మాత్రాన భావం కూడా ఒకటేనా? పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానమిస్తుంది.

కృష్ణా దక్షిణపు ఒడ్డున క్రీస్తు పూర్వమే వెలసిన అమరావతి మహాస్తూపం 1797లో కాలిన్ మెకంజీ దృష్టికి వచ్చింది. దాని శిల్పాలు ఇప్పుడు అధికభాగం చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిలో ప్రాచీనమైనవాటిలో బుద్ధుని మానవాకారం కనిపించదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం ఆయనను సూచిస్తాయి. తరువాతి శిల్పులు ఆయన రూపాన్ని కూడా చెక్కారు. ఆ ఖాళీ ఆసనాన్ని చూసి, ఇది నిరాకారుడైన దేవుని ఆరాధనే కదా అని ముస్లిం పాఠకునికి అనిపించవచ్చు. కాని అది తొందరపాటు. ఆ ఆసనం సృష్టికర్తది కాదు, నిర్వాణం పొందిన గురువుది. జగత్తును సృష్టించి పాలించే కర్తను బౌద్ధం అంగీకరించదు. దుఃఖం, దాని కారణం, దాని నివారణ, నివారణ మార్గం అన్నవే దాని ప్రధాన విషయాలు.

పల్నాటి నాగార్జునకొండ చరిత్ర మరింత ఆసక్తికరమైనది. జలాశయంలో మునిగిపోకముందు, 1954 నుండి 1960 వరకు, అక్కడ తవ్వకాలు జరిగాయి. క్రీ.శ. 3వ శతాబ్దిలో అక్కడ పాలించిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసింది. ఒకే ఇంట అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు చైత్యానికి స్తంభాలు ఎత్తించింది. వారి విశ్వాసాలు ఒకటి కావు. అయినా ఆ ఇల్లు నిలిచింది.

ఆంధ్రదేశంలో శైవ, వైష్ణవ వివాదాలు తీవ్రమైన కాలంలో, 13వ శతాబ్దిలో, తిక్కన సోమయాజి వచ్చాడు. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడుగా ప్రసిద్ధుడు. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితం చేశాడు. హరి, హరుడు వేరు కారనీ, ఒకే తత్త్వానికి రెండు రూపాలనీ ఆయన భావం. తరువాతి శతాబ్దిలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎఱ్ఱన ‘శంభుదాసుడు’ అనిపించుకున్నాడు. ఆ శివభక్తుడే నృసింహపురాణం, హరివంశం రచించాడు. దైవం ఒక్కటే అని ఈ కవులు అన్నప్పుడు, ఆ ఒక్కటి అనేక రూపాలు ధరించగలదని వారి ఉద్దేశం. తౌహీద్ బోధించే ఏకత్వం అది కాదు. అల్లాహ్ ఏ రూపమూ ధరించడు, సృష్టిలో ఏదీ ఆయనను పోలదు, ఆయన సృష్టిలో కలిసిపోడు. రెండు చోట్లా ‘ఒక్కడు’ అనే మాట ఉన్నా అర్థంలో ఎంతో తేడా ఉంది.

కొండవీడు 16వ శతాబ్ది చివర గోలకొండ సుల్తానుల వశమై ముర్తజానగర్ అయింది. అప్పటి పాలన పోయినా ముస్లిం సమాజం ఇక్కడ స్థిరపడింది. వారిలో ప్రత్తి ఏకి జీవించిన దూదేకులవారి ఇంటి భాష తెలుగే. కలిమాను అరబీలో పలికి, కష్టసుఖాలను తెలుగులో దేవునికి చెప్పుకునే ఆ ఇళ్ళలో రెండు పదాలూ ప్రక్కప్రక్కనే ఉంటూ వచ్చాయి.

క్రైస్తవ ప్రచారకుడు హైయర్ 1842లో గుంటూరు చేరాడు. 1866లో జాన్ క్లఫ్ ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే సంవత్సరం బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ సమాజంలో పుట్టినవాడు. అంతకుముందే ఆయన రాజయోగ గురువుల వద్ద నిరాకార తత్త్వం విన్నవాడు. ఘోరమైన కరువు అనంతరం, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంటరానివారని దూరం పెట్టబడిన ప్రజలకు, తమను పేరుపెట్టి పిలిచే తండ్రి దేవుడు అనే భావన ఎంత ఊరటనిచ్చిందో ఊహించవచ్చు. క్రైస్తవం కూడా దేవుడు ఒక్కడే అంటుంది. కాని ఆ ఒక్కనిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఉన్నారంటుంది. ఖుర్ఆన్‌లోని ఇఖ్లాస్ సూరా ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని ప్రకటిస్తుంది.

ఈ వ్యత్యాసాలు అనువాదకునికి ప్రతి వాక్యంలోనూ ఎదురవుతాయి. తెలుగులో ‘దేవుడు’కు బహువచనం ఉంది, స్త్రీలింగంగా ‘దేవత’ ఉంది. ‘అల్లాహ్’కు ఆ రెండూ లేవు. ‘దేవుడు’కు సమీపమైన అరబీ పదం ‘ఇలాహ్’. కలిమాలోని ‘ఇలాహ్’ను ‘ఆరాధ్యుడు’ అని తెనిగించి, ‘అల్లాహ్’ను అలాగే ఉంచడం అందుకే సముచితం. ఖుర్ఆన్‌ను మొదట తెలుగు చేసినవాడు హిందూ పండితుడైన డాక్టర్ చిలుకూరి నారాయణరావు అన్నది గమనార్హం. పొరుగువారి గ్రంథాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన అంత శ్రమించాడు. మరి పొరుగువారి విశ్వాసాన్ని అర్థం చేసుకోవడానికి ముస్లింలు ఎంత శ్రమిస్తున్నారు?

సుమారు 1030లో అల్ బీరూనీ హిందూదేశాన్ని గురించి గ్రంథం రచించాడు. సంస్కృతం నేర్చి, హిందువుల దైవభావనను వారి గ్రంథాల ఆధారంతోనే వివరించాడు. పండితుల భావన వేరు, సామాన్యుల ఆచారం వేరు అని గుర్తించాడు. ఇంత చేసినా తన తౌహీద్‌ను ఆయన సడలించుకోలేదు.

అన్ని మతాలూ ఒకటే అనడం మర్యాదగా తోచవచ్చు. కాని అందులో ఎదుటివాని మాట వినకుండానే ముగించే తేలికతనం ఉంది. అతని విశ్వాసాన్ని వక్రీకరించి ఖండించడం అంతకంటె పెద్ద అన్యాయం. అమరావతి ఖాళీ ఆసనం, తిక్కన హరిహరనాథుడు, పేరయ్య తండ్రి దేవుడు వేటికవే వేరు. వాటిని ఉన్నవి ఉన్నట్లు తెలుసుకున్నవాడికే తాను సాక్ష్యమిచ్చే తౌహీద్ విలువ కూడా స్పష్టంగా తెలుస్తుంది.