కోట కింద సొరంగం: శక్తిక్షయాన్ని తెలిపే ఆంగ్ల క్రియలు, చరిత్రరచనలో వాటి అర్థచ్ఛాయలు

కీలకపదాలు: క్రియ, అర్థచ్ఛాయ, అనువాదం, చరిత్రరచన, ముట్టడి, గోల్కొండ

ప్రస్తావన

"రాజ్యం బలహీనపడింది" అనే వాక్యం లేని తెలుగు చరిత్ర పాఠ్యగ్రంథం అరుదు. కాకతీయరాజ్యమైనా, విజయనగరమైనా, గోల్కొండైనా చివరి అధ్యాయానికి వచ్చేసరికి దాని గతిని ఈ క్రియే నిర్ణయిస్తుంది. అకర్మకక్రియ కనుక ఇది కర్తను అడగదు. ఎవరు బలహీనపరిచారు, ఎంతకాలం పట్టింది, బయటివారికి అది కనిపించిందా అనే ప్రశ్నలకు తావివ్వదు.

ఇటువంటి వాక్యాలలో చాలావాటి వెనుక ఆంగ్లచరిత్రగ్రంథాలున్నాయి. అక్కడ మాత్రం క్రియ ఒక్కటి కాదు. వీకెన్, ఎన్‌ఫీబుల్, డెబిలిటేట్, ఎనర్వేట్, క్రిపుల్, సాప్, అండర్‌మైన్ అనేవాటిని పర్యాయపద నిఘంటువులు ఒకే పట్టికలో చేరుస్తాయి. అయినా శక్తి ఏ దారిన పోయిందో ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా చెబుతుంది. వీటన్నింటికీ "బలహీనపరచు" అని రాసినప్పుడు మూలరచయిత సూచించిన కారణం కూడా అనువాదంలో జారిపోతుంది.

పార, పలుగుల నుంచి పుట్టిన మాటలు

అండర్‌మైన్ మధ్యయుగపు ముట్టడుల నాటి మాట. కోటగోడ పునాది కిందికి సొరంగం తవ్వి, పైనున్న బరువు కూలకుండా దుంగలు నిలిపి, చివరకు ఆ దుంగలకు నిప్పు పెట్టడం నాటి పద్ధతి. దుంగలు కాలితే గోడ తన బరువుతోనే కుంగుతుంది. ఇంగ్లండు రాజు జాన్ 1215లో రోచెస్టర్ కోటను ముట్టడించినప్పుడు జరిగినది ఇదే. తినడానికి అంతగా పనికిరాని బాగా కొవ్విన పందులను 40 పంపవలసిందిగా అతడు రాయించిన ఉత్తరువు నేటికీ నిలిచి ఉంది. ఆ కొవ్వుతో రగిలిన మంటకు ప్రధానబురుజు ఒక మూల కూలిపోయింది. తరువాత ఆ మూలను గుండ్రంగా కట్టారు. మిగిలిన మూడు మూలలు చతురస్రంగానే ఉన్నందున ఆ తేడా ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. అయితే గోడ కూలినంత మాత్రాన కోట లొంగలేదు. లోపలివారు మధ్యగోడ వెనుకకు తగ్గి పోరాడారు, ఆకలికి తాళలేక చివరకు లొంగారు. ఈ ముట్టడిని వర్ణించేవారికి గోడ విషయంలో ఒక క్రియ, మనుషుల విషయంలో మరొక క్రియ కావాలి.

ఈ పుట్టుక వల్ల అండర్‌మైన్‌కు కొన్ని షరతులు ఏర్పడ్డాయి. తవ్వేవాడొకడు ఉండాలి, అతని పని కనబడకూడదు, దెబ్బ పునాదికి తగలాలి. కూలే క్షణం వరకు గోడ పటిష్ఠంగానే కనిపిస్తుంది. "వెనుక గోతులు తవ్వడం" అనే తెలుగు పలుకుబడిలో రహస్యముంది, ద్రోహముంది, పునాది లేదు. "గుల్లచేయు"లో పైకి చెక్కుచెదరని రూపముంది కానీ, చెదపురుగుకైనా ఆ పని సాధ్యమే కనుక మనిషి సంకల్పం లేదు. ఒకే మాటతో సరిపెట్టడం కంటే సందర్భాన్ని బట్టి "పునాదులను లోలోపల తొలిచివేశారు" అని విడమరచి రాయడమే మేలు.

సాప్ దీనికి సోదరి వంటిది. ఇటాలియన్‌లో పారను చెప్పే మాట నుంచి ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర ఆంగ్లంలోకి వచ్చింది. ఫిరంగి గుండ్లకు దొరకకుండా కోటవైపు వంకరటింకరగా తవ్వుకుంటూ పోయే కందకానికి ఆ పేరు. 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడిలో వోబాన్ ఈ పనిని దాదాపు ఒక శాస్త్రంగా మార్చాడు. దక్షిణభారతానికీ ఈ మాట కొత్త కాదు. మద్రాసు సైన్యంలో 1780లో ఏర్పడిన పయనీర్ల దళమే తరువాతి కాలపు మద్రాస్ సాపర్స్. సొరంగంలా కాకుండా ఈ కందకం కోటలోనివారి కళ్లెదుటే రోజురోజుకూ దగ్గరవుతుంది. కాబట్టి సాప్‌లో గోప్యత కంటే నిదానం ముఖ్యం. చెట్టులోని రసాన్ని చెప్పే మరొక సాప్ ఆంగ్లంలో అంతకుముందే ఉంది. పుట్టుకలో సంబంధం లేకున్నా వాడుకలో ఈ రెండూ కలిసిపోయి, నేటి పాఠకుడికి పార కంటే రసమే ముందుగా తోస్తుంది. ఆ అర్థానికి "నీరసింపజేయు" చక్కగా అమరుతుంది, దానిలోనూ పోయేది రసమే.

శరీరం నుంచి వచ్చినవి

మిగిలినవి దేహానికి సంబంధించినవి. వీకెన్‌కు మూలమైన మాటలో వంగడం, లొంగడం ఉన్నాయి. అందరికీ పనికివచ్చే మాట కనుక అది చెప్పేది తక్కువ. ఎన్‌ఫీబుల్‌లోని ఫీబుల్, "విలపించదగిన" అనే లాటిన్ విశేషణం నుంచి వచ్చింది. చూసేవారి జాలి దానిలో మిగిలి ఉంది. డెబిలిటేట్‌కు మూలమైన లాటిన్ మాటలోని ధాతువును సంస్కృత "బల" శబ్దంతో కలిపే భాషాశాస్త్రవేత్తలున్నారు. క్రిపుల్‌కు పాకడంతో చుట్టరికం. దెబ్బ ఒక అవయవానికి తగిలి, కదలికంతా ఆగిపోవడం దాని భావం.

జాగ్రత్తగా పరిశీలించవలసినది ఎనర్వేట్. నరాలను, కండరబంధాలను తీసివేయడం దాని లాటిన్ అర్థం. శత్రువు అవసరం లేకుండానే సుఖం, ఎండ, విలాసం మనిషిని సడలిస్తాయనే సిద్ధాంతం ఈ క్రియతో చేరి 18వ శతాబ్దపు చరిత్రరచనలోకి ప్రవేశించింది. హిందూస్థానవాసుల మెత్తదనాన్ని వాతావరణంతో ముడిపెట్టిన రాబర్ట్ ఓర్మ్, 1841లో వారన్ హేస్టింగ్స్‌పై వ్యాసంలో బెంగాలీలను చిత్రించిన మెకాలే ఈ ధోరణికి చెందినవారే. విచిత్రమేమంటే, 1757 నాటి బొబ్బిలి పోరాటాన్ని ఆంగ్లపాఠకులకు వివరంగా చెప్పినవాడు కూడా ఆ ఓర్మే. ఎండ కండలు సడలించిందన్న సిద్ధాంతానికి బొబ్బిలి కోటలో జరిగినది ఏమాత్రం పొసగదు. ఎనర్వేట్‌కు తెలుగులో దగ్గరి మాట "నిర్వీర్యం చేయు". దానిలోని పురుషత్వవాచిని గమనించకుండా సంస్థలకూ చట్టాలకూ ఆ మాట వాడడం నేటి పత్రికల అలవాటు.

గోల్కొండకు ఏ క్రియ?

1636లో షాజహాన్‌కు గోల్కొండ లొంగి ఏటా కప్పం ఒప్పుకొంది. ఆ కప్పం రాజ్యాన్ని నీరసింపజేసిందని, అంటే సాప్ చేసిందని రాయడం సులభమే. కానీ ఆ తరువాతనే మీర్ జుమ్లా నాయకత్వంలో గోల్కొండ సేనలు కర్ణాటకంలోకి విస్తరించి 1650లో గండికోటను పట్టుకున్నాయి. కప్పం కట్టిన తొలి పదిహేనేళ్లకు ఆ క్రియ పొసగదు. ఆ మీర్ జుమ్లాయే తన ప్రభువును విడిచి మొగలుల పక్షం చేరాడు. అక్కడ అండర్‌మైన్ సరిపోతుంది. 1686లో మాదన్న, అక్కన్నల హత్య నడుస్తున్న యంత్రాంగాన్ని ఒక్కసారిగా కుంటుపరచింది, అది క్రిపుల్. ఈ మూడింటినీ "గోల్కొండ క్రమంగా బలహీనపడింది" అనే ఒక్క వాక్యంలో కలిపితే, యాభై ఏళ్ల చరిత్ర ఒకే జారుడుబండ అవుతుంది. "క్రమంగా" అనే ఆ విశేషణానికి ఆధారం చూపవలసిన బాధ్యత పరిశోధకుడిది.

1687 నాటి ముట్టడిలో మాట, పని ఎదురుబొదురుగా నిలుస్తాయి. ఔరంగజేబు సేనలు గోడల కిందికి నిజంగానే సొరంగాలు తవ్వి మందుగుండు నింపాయి. లోపలివారు వాటి జాడ కనిపెట్టి ముందుగానే కొంత మందును తీసివేయడంతో, జూన్‌లో జరిగిన పేలుళ్లు మొగలుల మీదికే తిరగబడ్డాయి. వానలు, తిండికొరత ముట్టడి వేసినవారినే ఎక్కువగా పీడించాయి. ఎనిమిది నెలలు గడిచినా ప్రాకారం లొంగలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ లంచానికి లొంగి దిడ్డివాకిలి తెరిచాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలయ్యేవరకు పోరాడినా ఫలితం దక్కలేదు. అండర్‌మైన్ అనే క్రియ వాచ్యార్థంలో జూన్‌లో విఫలమై, లక్ష్యార్థంలో సెప్టెంబరులో నెగ్గింది. తానీషా కోట "బలహీనపడి" పడిపోయిందని రాసే తెలుగు వాక్యంలో ఆ సొరంగానికీ చోటు లేదు, ఆ దిడ్డివాకిలికీ చోటు లేదు.